నేల తడిగా ఉంది

రెండో అంతస్తు నాది. రాత్రి తొమ్మిది దాటాక
ఈ కోర్టులో మిగిలేది నేనూ, నా బకెట్టూ,
లైబ్రరీ గదిలో లాయరు లొరెట్టా స్వొబోడా.
బయట నెబ్రాస్కా మంచు కిటికీ అంచుల్ని మింగుతోంది.

"ఎమిల్, ఓ పది నిమిషాలు కూర్చో.
చదువుతాను, అర్థం కానిచోట చెయ్యెత్తు."

ముప్పై ఒక్క కాగితాలు.
వాదనలయ్యాక జడ్జి జ్యూరీకి చదివి వినిపించేవి:
చట్టం ఏమంటుందో, దేన్ని తూచాలో, విన్నా దేన్ని మరిచిపోవాలో.
జడ్జిగారే రాస్తారనుకున్నాను ఇన్నేళ్ళూ.
"గొంతు ఆయనది," అంది. "ముందు రాసేది మేం.
కేసు వేసిన వారమే మొదలుపెట్టాను.
ఏ సాక్షిని పిలవాలో, ఏమడగాలో
వీటిని చూసే తేల్చుకున్నాను.
గుమ్మం కొలవకుండా తలుపు చేయించరు కదా."

కేసు ఊరందరికీ తెలుసు.
గడ్డకట్టిన మొక్కజొన్నని పొడవడానికి
గాదెలోకి దిగాడు మిలో క్రాట్కీ.
కింద మర ఆగలేదు.
గింజలు నడుం దాకా, మెడ దాకా, ఆపైన.
స్విచ్చికి తాళం వెయ్యలేదని మిలో భార్య.
నడుముకి తాడు కట్టుకోలేదని కంపెనీ.

ఏడో కాగితం దగ్గర చెయ్యెత్తాను.
"ఈ 'వివేకం గల మామూలు మనిషి' ఎవరమ్మా?
మన కౌంటీలో ఉంటాడా?"
నవ్వింది. తర్వాత నవ్వలేదు.
కారిడార్లో నేను నిలబెట్టిన పసుపు బోర్డు చూపించింది:
నేల తడిగా ఉంది.
"ఈ వేళప్పుడు ఎవరొస్తారని పెట్టావ్?"
"మీరున్నారుగా."
"వాడే."

పదకొండో కాగితం, రుజువు భారం.
ప్రాబల్యమో ఏదో, నా నోరు తిరగలేదు.
మా నాన్న ధాన్యం కాటా దగ్గర పనిచేసేవాడు;
ముల్లు వెంట్రుకంత వాలినా వాలినట్టే, చీటీ రాసేసేవాడు.
అదే చెప్పాను.
"వెంట్రుకంటే లిండ్‌క్విస్ట్ ఒప్పుకోడు," అంటూ పెన్సిలు కొరికింది.
కొట్టేసింది, రాసింది, మళ్ళీ కొట్టేసింది.
చివరికి:
ఒకవైపు కాస్త మొగ్గితే చాలు.

మర్నాడు జడ్జి గదిలో హీటరు మొరాయించిందని నన్ను పిలిచారు.
లిండ్‌క్విస్ట్ తన కట్ట తెచ్చాడు;
అందులో పోయినవాడి తప్పు ముందొస్తుంది, స్విచ్చి తర్వాతెప్పుడో.
ఆమె వరుస వరుసకీ అడ్డం పడింది,
స్టెనో వేళ్ళు ఆ అభ్యంతరాన్ని పూర్తిగా ఎక్కించేదాకా ఆగి మరీ.
"ఇక్కడ నోరు విప్పకపోతే
రేపు పైకోర్టుకి చెవులుండవు,"
అంది బయటికొచ్చాక, ఎవరితోనో. నాతోనేనేమో.
పద్నాలుగు వాక్యాలు పోయాయి.
కాస్త నిలిచింది.

జడ్జి టిమ్మర్‌మన్ చదివాడు
మందు సీసా మీది రాతలు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా.
స్కూలు బస్సు నడిపేవాడూ, తేనెటీగలు పెంచే ఆవిడా,
ముందు వరసలో కునికే పెద్దాయనా.
మా నాన్న కాటా వచ్చినప్పుడు
తలుపు చాటున ఊపిరి బిగబట్టాను.
ఎవరూ తలెత్తలేదు.

రెండు రోజులు పట్టింది.
తప్పు కంపెనీదే అన్నారు.
వందలో నలభై పాళ్ళు మిలోది కూడా అన్నారు.

ఆ సాయంత్రం జ్యూరీ గది ఊడ్చాను.
కాఫీ మరకల కాగితాలన్నీ ముక్కలుచేసే మిషనులో వెయ్యమన్నారు.
చదవకూడదు. చూశాను.
'కాస్త' కింద పెన్సిలు గీత,
రెండుసార్లు, కాగితం చిరిగేంత.
పదకొండులో కాదు. పంతొమ్మిదిలో,
మిలో తప్పుని కంపెనీ రుజువు చేయాల్సిన చోట.

చెప్పకుండా ఉండలేకపోయాను.
"అక్కడా నేనే రాశాను," అంది కోటు వేసుకుంటూ.
"రెండువైపులా ఒకటే రాయి కాకపోతే అది తూకం కాదు, ఎమిల్."
మెట్ల దగ్గర మిలో భార్య ఆమె కోసం నిలబడి ఉంది,
ఆ చలిలో గ్లవుజులైనా లేకుండా.

రాత్రి కారిడారు తుడిచాను. బోర్డు పెట్టాను.
నేల ఆరిపోయాక కూడా
తియ్యబుద్ధి కాలేదు.